నీళ్ల మీద సారమ్మ కాపురం

పోర్ట్ బ్లెయిర్,
ఫిబ్రవరి 1985

సారమ్మ నాన్నగారికి,

మీ సువార్తమ్మ వందనాలు. ప్రభువు దయవల్ల నేను, అమ్మాయి, అల్లుడు రత్నం ముగ్గురం ఆరోగ్యంగా ఉన్నాం. వరంగల్‌లో మీరు, పెద్దోడు, కోడలు, పిల్లలు కూడా అలాగే ఉన్నారని నమ్ముతున్నాను. మిర్చి సీజన్ కదా, ఎనుమాముల మార్కెట్ యార్డుకు వెళ్లేటప్పుడు ముక్కుకు రుమాలు కట్టుకోండి.

మీ ఉత్తరం అందింది. అల్లుడు తీసుకున్న కిరాయి ఇల్లు ఎలా ఉంది, ఎన్ని గదులు అని అడిగారు. ఈ ఒక్క మాటకు జవాబు రాయలేక ఇన్నాళ్లు ఊరుకున్నాను. కాసేపు కూర్చొని చదవండి. ఇక్కడ ఇల్లు లేదు. మనం నిరుడు పెళ్లి చేసి పంపిన పిల్ల పడవలో కాపురం చేస్తోంది.

అబద్ధమేమీ చెప్పలేదు లెండి. చుట్టూ నీళ్లు, గాలి బాగా వస్తుంది అని రాసింది. మనమే చెరువు పక్కన ఇల్లనుకున్నాం.

నేను ఓడ దిగగానే రత్నం నా ట్రంకుపెట్టె భుజానికెత్తుకొని ఊళ్లోకి కాకుండా రేవు అంచుకు నడిచాడు. అక్కడ తెరచాప చుట్టిపెట్టిన పాత పడవ ఒకటి ఊగుతోంది. దాని తాడు మీద, పెళ్లికి మీరు కొన్న నీలం చీర ఆరేసి ఉంది.

"ఇదేందయ్యా?" అన్నాను.

"ఇల్లే అత్తమ్మా. జర పైలంగ దిగు," అన్నాడు.

వడ్రంగి పనికని వచ్చిన రత్నం ఈ పడవను తానే బాగుచేసుకున్నాడట. చుట్టుపక్కల దీవుల నుంచి కూరగాయలు, కొబ్బరికాయలు తెచ్చి ఊళ్లో దుకాణాలకు వేస్తాడు. వంట, పడక, ప్రార్థన అన్నీ అందులోనే.

నేను పెట్టె కూడా విప్పకుండా, పిల్లను వెంట తెస్తానని మీకిచ్చిన మాట బయటపెట్టాను. "నడువు, ఇంటికి పోదాం. మీ నాయిన డాక్టరమ్మతోని మాట్లాడిండు. దవాఖానల నీ నర్సు నౌకరి నీకోసమే ఉంచిండ్రు," అన్నాను. సారమ్మ నవ్వి స్టవ్ ముట్టించింది. ఆ స్టవ్ దొర్లిపోకుండా నాలుగు వైపులా తాళ్లతో కట్టేసి ఉంది. నాకు ఏడుపొచ్చింది.

పిల్ల సరిగ్గా తింటోందా అని అడిగారు. దాని సంగతి ఉంచండి, నా సంగతి వినండి. రత్నం గాలం వేసి తీసిన చేప ఇంకా తోక కొడుతుండగానే, నేను తెచ్చిన మన కారం వేసి పులుసు పెట్టింది. అలిగి కూర్చున్నదాన్ని, మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాను. పైగా ఆ రోజు పడుకున్నదాన్ని తెల్లారేదాకా మెసల్లేదు. ఇంట్లో చీమ చిటుక్కుమన్నా లేచి కూర్చునేదాన్నని మీకు తెలుసు కదా.

ఒక మధ్యాహ్నం వాన పడింది. నేను బట్టలు తీద్దామని పరుగెత్తితే సారమ్మ సబ్బు పట్టుకొని ఎదురొచ్చింది. "అమ్మా రా, మంచినీళ్లు పడుతానయి!" అని కేక. రత్నం లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. కనుచూపు మేరలో మనిషి లేడు. చీర మీదనే, ఆకాశం కింద, తల్లీకూతుళ్లం వానలో తలంటుకున్నాం. ఇది చదివి మీరు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటారు. నేను సరిగ్గానే రాశాను.

ఇక, తల్లీకూతుళ్లు ఏ ఓడకు బయలుదేరుతున్నారని అడిగారు. ఈ జవాబు కావాలనే చివరికి ఉంచాను.

మొన్న మనుషుల్లేని ఒక దీవి దగ్గర పడవ ఆపారు. రత్నం చిన్న దోనెలో కట్టెల కోసం ఒడ్డుకు పోయాడు. అదను చూసి సారమ్మను బతిమాలాను. "నా ముఖం చూసన్న రా బిడ్డా. మీ నాయినకు నేనేం జెప్పాలె?"

అది నిచ్చెన తెచ్చి నీళ్లలోకి దించింది. "వస్తనమ్మా. గని ఒక్కసారి నీళ్లల్ల దిగు. దిగినంక గూడ రమ్మంటే, మారు మాట్లాడకుంట పెట్టె సదురుకుంట."

"నాకు ఈత రాదే!"

"నేనున్న గదా."

కుచ్చిళ్లు దోపుకొని నిచ్చెన పట్టుకొని దిగాను. చల్లగా ఉంటాయని ఒళ్లు బిగబట్టాను. వెచ్చగా ఉన్నాయండీ! అడుగున ఇసుక కనబడుతోంది, పసుపు చారల చేపలు నా కాళ్ల మధ్య నుంచే పోతున్నాయి. సారమ్మ నా వీపు కింద చెయ్యి పెట్టి, "ఒళ్లు ఇడిసిపెట్టమ్మా," అంది. ఆ చెయ్యి ఎప్పుడు తీసిందో నాకు తెలియదు. నేను తేలుతున్నాను. నా బరువు నాకు లేదు. దవాఖానలో ఆయాగా ఎందరు బాలింతలను ఎత్తి పడుకోబెట్టానో! నన్ను ఎవరన్నా ఎత్తుకోవడం మా అమ్మ తర్వాత ఇదే. గట్టిగా నవ్వాను. ఆ నవ్వు నాదేనా అని నాకే బెదురు పుట్టింది.

పైకి వచ్చాక సారమ్మ తల కూడా తుడుచుకోకుండా పెట్టె తెరిచింది. ఒక్కొక్క చీర మడతపెడుతూ, "చెప్పమ్మా, రావాల్నా?" అంది. గొంతులో కోపం లేదు. రమ్మంటే వచ్చేది, మీ కూతురు మాట తప్పదు. నేను నోరు తెరిచాను. వచ్చిన మాట వేరు.

"ముందుగాల ఆ నిచ్చెన పైకి గుంజకు. ఇంకోసారి దిగుత."

చేతిలో సగం మడిచిన చీరతో అది నన్నే చూస్తూ నిలబడిపోయింది.

ఓడ నిన్న వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు. ఆ నర్సు ఉద్యోగం ఇంకెవరికైనా ఇమ్మని డాక్టరమ్మతో చెప్పండి. మీకు కోపం వస్తుంది. ఆ కోపంతోనే సీజన్ అయిపోగానే మద్రాసులో ఓడ ఎక్కండి. నిచ్చెన నేను పట్టుకుంటాను.

ఇట్లు,
ఇంకా తేరుకోని మీ ఇల్లాలు
సువార్తమ్మ