చిట్టిబాబుని ఎవరూ ఏమీ అడగరు

చాండ్లర్, అరిజోనా,
మే నెల, ఆదివారం.

రాధ పిన్నికి,

నమ్రత నమస్కారాలు. ఇక్కడ అవినాష్, సంహిత, నేను ముగ్గురం బాగున్నాం. నువ్వూ బాబాయీ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరంలో చదివి మనసు కుదుటపడింది. బాబాయి మోకాలికి ఫిజియోథెరపీ మధ్యలో మానొద్దని నా మాటగా చెప్పు. ఫోన్‌లో నాకు మాటలు వరసలో రావని నీకు తెలుసు కదా, అందుకే ఎప్పట్లాగే కూర్చుని రాస్తున్నాను. పోస్టులో వేస్తే ఎప్పటికో చేరుతుంది. కాగితాలు ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతాను.

ఎండలు అప్పుడే ముదిరాయి. పొద్దున ఆఫీస్‌కి బయల్దేరేసరికే స్టీరింగ్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. పెరట్లో నారింజ ఈసారి విరగకాసింది. తినేవాళ్ళు లేక ఇరుగుపొరుగుకి సంచులకొద్దీ పంచాం.

సంహిత కారు నడుపుతోందా అని అడిగావు. నడుపుతోంది. లైసెన్స్ రెండోసారికి వచ్చింది. ఫ్రీవే మాత్రం ఎక్కదు. "అక్కడ అందరూ ఇండికేటర్ ఒకవైపు వేసి ఇంకోవైపు వెళ్తారు, అది అబద్ధం," అంటుంది. లెక్కల్లో క్లాసు ఫస్టేనా అని కూడా అడిగావు. కాదు పిన్నీ, సి గ్రేడ్ వచ్చింది. ఆటిజం ఉన్న పిల్లలందరి బుర్రలోనూ కంప్యూటర్ ఉంటుందని మీ సీరియల్లో చూపిస్తున్నారు గానీ, మా దానికి పదిహేడేళ్ళొచ్చినా పదమూడో ఎక్కం తడుముకోవాల్సిందే. దానికి ఇష్టమైంది సౌండ్. స్కూల్లో డ్రామా టీచర్ దగ్గర నేర్చుకుంది. బల్లనిండా మీటలుండే ఆ మిక్సర్ ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటే దానికి లోకంతో పేచీ ఉండదు. ఎందుకే అంత ఇష్టం అంటే, "బయట సౌండ్ నా మీద పడుతుంది అమ్మా, ఇక్కడ నేను చెప్పినట్టు వింటుంది," అంది.

ఇక నువ్వు అడిగిన అసలు సంగతికి వస్తాను. నువ్వు మాటలు రాస్తున్న సీరియల్లో హీరోయిన్ తమ్ముడు చిట్టిబాబు పాత్రకి పేరొచ్చిందనీ, ఆ కుర్ర నటుడు ఇంకా బాగా చెయ్యాలంటే సంహిత చేసే పనులు నాలుగైదు రాసి పంపమనీ అడిగావు. శ్రావణమాసం ఎపిసోడ్లలో అక్క మొక్కు వల్ల చిట్టిబాబుకి నయమై, వరలక్ష్మీ వ్రతం రోజున గలగలా మాట్లాడేస్తాడని కూడా రాశావు. నేను జవాబివ్వడం ఆలస్యం చేశానని అలిగావు. ఇప్పుడు ఇస్తున్నాను. పంపను పిన్నీ. నా కూతురి చేతులు మీ నటుడికి అరువివ్వను.

ఎందుకో చెబుతాను. కోపంగానే చెబుతాను, కానీ మొత్తం చదువు.

ఇక్కడి తెలుగువాళ్ళం ఉగాది పండుగ ఒక స్కూల్ ఆడిటోరియం అద్దెకి తీసుకుని చేసుకుంటాం. రెండేళ్ళుగా ఆ కార్యక్రమాలకి సౌండ్ మా సంహితే చూస్తోంది. ఈసారి పెద్దవాళ్ళ స్కిట్ ఒకటి పెట్టారు. ఏమిటా అని చూస్తే మీ సీరియల్‌కి పేరడీ. నేను వెనక భోజనాల దగ్గర పులిహోర సర్దుతున్నాను. హాల్లోంచి ఒకటే నవ్వులు. తలుపు దగ్గరికొచ్చి తొంగిచూశాను. మోహన్ అని, అవినాష్‌కి తెలిసినాయన, మంచివాడే, నిక్కరు వేసుకుని, చంకలో టెడ్డీబేర్ పెట్టుకుని, చేతులు రెండూ గాల్లో టపటపా ఆడిస్తూ స్టేజంతా గెంతుతున్నాడు. "చిట్టికి కోపం వచ్చింది! చిట్టికి కోపం వచ్చింది!" అని అరుస్తున్నాడు. అది నువ్వు రాసిన డైలాగే. పిల్లలు కూడా కుర్చీలెక్కి అదే అరుస్తున్నారు.

ఒక్కసారిగా స్టేజి మూగబోయింది. మోహన్ నోరు కదులుతోంది, మాట వినబడటం లేదు.

సంఘం ప్రెసిడెంట్ శ్యామ్‌సుందర్‌గారు మిక్సర్ దగ్గరికి పరుగెత్తారు. "ఏమైందమ్మా, మైకులు పోయాయా?"

"పోలేదు అంకుల్. నేను ఆఫ్ చేశాను."

ఈ మాట హాలంతా వినబడింది. తన ముందున్న మైక్ ఒక్కటి ఆన్‌లో ఉంచింది. మర్చిపోయిందేమో అనుకున్నాను. తర్వాత అడిగితే, "కావాలనే," అంది.

"ఎందుకమ్మా?"

"ఇది బాగా లేదు."

"జోక్ కదమ్మా! నీ గురించి కాదు. నువ్వు అలా లేవుగా, నార్మల్‌గానే ఉన్నావుగా."

"నేను అలానే ఉన్నాను అంకుల్. నాకు ఆటిజం ఉంది. నేను కూడా చేతులు ఇలా చేస్తాను," అని లేచి చేసి చూపించింది. "నాకు సంతోషం వస్తే చేస్తాను. ఆ అంకుల్ కోపానికి చేస్తున్నారు. అది రాంగ్."

నేను పులిహోర గరిటెతోనే నడవ మధ్యలోంచి నడిచి వెళ్ళి దాని పక్కన నిలబడ్డాను. "నమ్రతగారూ, మీరైనా చెప్పండి," అన్నారు శ్యామ్‌సుందర్‌గారు.

"చెబుతున్నానండీ. ఈ స్కిట్‌కి సౌండ్ రాదు. తర్వాతి ప్రోగ్రాం పిలవండి," అన్నాను.

ముందు వరసల్లోంచి ఒకావిడ గొంతు వినబడింది. "అదుపులో పెట్టుకోలేనప్పుడు ఇలాంటి పిల్లల్ని తీసుకురాకూడదు."

నలుగురిలో మాట్లాడాలంటే నాకు నాలుక పిడచకట్టుకుపోతుందని నీకు తెలుసు. ఆ రోజు సంహిత ముందున్న మైక్ తీసుకున్నాను. "ఆ మాట అన్నవారు దయచేసి లేచి నిలబడి అనండి. మా అమ్మాయి నిలబడే చెప్పింది," అన్నాను. ఎవరూ లేవలేదు. తర్వాత చిన్నపిల్లల కూచిపూడి. సంహిత కూర్చుని, హెడ్‌ఫోన్స్ సర్దుకుని, పాటని ఎక్కడా తేడా రాకుండా వినిపించింది. చివరి జనగణమన దాకా కుర్చీ వదల్లేదు. కానీ చేతుల్ని మాత్రం పని లేనప్పుడల్లా తొడల కింద పెట్టుకుని కూర్చుంది పిన్నీ. పాట బాగుంటే గాల్లో ఎగిరే చేతులు అవి. అది చూసి నాకు పట్టిన కోపం ఇంకా దిగలేదు.

ఆ సాయంత్రం పార్కింగ్‌లో స్మృతి అనే అమ్మాయి మా కారు దగ్గరికి వచ్చింది. అంతకు ముందు నమస్కారం తప్ప పరిచయం లేదు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "అక్కా, మా పాప దియకి కూడా చెప్పారు డాక్టర్లు, ఆటిజమని. ఐదేళ్ళు దానికి. మా మరిది పెళ్ళయ్యేదాకా బయటికి చెప్పొద్దన్నారు ఇంట్లో. ఇలాంటిచోటికి వచ్చినప్పుడల్లా బేబీసిట్టర్ దగ్గర వదిలేసి వస్తున్నాం," అని ఏడ్చింది. సంహిత అద్దం దించి, "తనకి డాన్స్ చూడ్డం ఇష్టమా ఆంటీ?" అని అడిగింది. స్మృతి కళ్ళు తుడుచుకుని, "చాలా ఇష్టం," అంది. "అయితే మీరెందుకు వచ్చారు? తను కదా రావాలి." స్మృతి తర్వాతి వారం దియని మా ఇంటికి తీసుకొచ్చింది. ఇప్పుడు ప్రతి శనివారం వస్తున్నారు, మరిది పెళ్ళి సంగతి ఏమైనా కానీ అనుకుని.

కమిటీవాళ్ళు సంహితని సారీ చెప్పమన్నారు. అది సీరియస్‌గా, "ఏ పార్ట్‌కి సారీ?" అని అడిగింది. దానికి జవాబుగా శ్రీరామనవమికి వేరే మనిషిని పెట్టుకున్నారు. మేం బతిమాలలేదు. ఇప్పుడు మా పక్క వీధి చర్చిలో మెక్సికన్‌వాళ్ళ బ్యాండ్‌కి సౌండ్ చేస్తోంది. వాళ్ళు దాని చేతులు చూసి తాళం వేస్తోందనుకుని వాళ్ళూ ఊపుతారట.

మోహన్ మాత్రం మా ఇంటికి వచ్చాడు, భార్యని కూడా తీసుకురాకుండా, ఒక్కడే. సోఫా అంచున కూర్చుని, "సీరియల్లో చూసి చేశానండీ. మా అమ్మ రోజూ చూస్తుంది, వీడియో కాల్‌లో నాకు కూడా చూపిస్తుంది. నిజంగా ఆటిజం ఉన్నవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు," అన్నాడు. సంహిత అతనికి మంచినీళ్ళు ఇస్తూ, "చూశారు అంకుల్. రెండేళ్ళనుంచి మీ చొక్కాకి మైక్ పెడుతోంది నేనే," అంది. వెళ్ళేటప్పుడు దానికి సారీ చెప్పాడు. ఏ పార్ట్‌కో కూడా చెప్పాడు.

అతను వెళ్ళాక నాకు కోపం అతని మీద నిలవలేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడు? నీ దగ్గర పిన్నీ. నువ్వు హైదరాబాద్‌లో ఫ్యాన్ కింద కూర్చుని రాసిన మాట అరిజోనాలో నా కూతురి చేతుల్ని దాని తొడల కిందకి తోసింది. టీఆర్పీ అంటావు, ఛానల్‌వాళ్ళు అడిగారంటావు. అడిగింది వాళ్ళే కావచ్చు, రాసిన కలం నీది.

మీ సీరియల్ నాతో కూర్చుని సంహిత కూడా చూసింది. చూసి ఒక్కటే అడిగింది. "చిట్టిబాబుని ఎవరూ ఏమీ అడగరు ఎందుకు?" అప్పుడు గమనించాను. వాడి చుట్టూ అందరూ ఏడుస్తారు, వాడికోసం మొక్కుతారు, పూర్వజన్మ పాపమంటారు, వాడి మొహం మీదకి కెమెరా మూడుసార్లు ఉరుకుతుంది. నీకు ఆకలిగా ఉందా, నీకిది ఇష్టమా, నువ్వేమనుకుంటున్నావు అని ఇన్ని ఎపిసోడ్లలో ఒక్క మనిషి వాణ్ణి అడగలేదు. వాడికి నయమవుతుందట అని నీ కథ చెబితే, "అమ్మా, వాడు బ్రోకెన్ కాదు కదా, మరి ఫిక్స్ ఎందుకు?" అంది.

ఇక ఇన్నాళ్ళూ నీకు చెప్పనిది ఒకటుంది. నీకే కాదు, అమ్మకీ చెప్పలేదు.

"ఇలాంటి పిల్లలు పెద్దయితే ఎలా ఉంటారో మాకెవరికీ తెలియదు, అందుకే నయం చేసేస్తున్నాం," అని రాశావు కదా. నీకు తెలుసు పిన్నీ. నీ చేత్తో అన్నం తినిపించావు. నాకు కూడా ఆటిజం ఉంది.

కిందటి శీతాకాలంలో తేలింది. సంహిత డాక్టర్ దాని చిన్నప్పటి సంగతులు అడుగుతూ అడుగుతూ, నావైపు తిరిగి, "మరి మీ చిన్నప్పుడు?" అంది. చెప్పాను. మామయ్య పెళ్ళిలో బ్యాండుమేళం మొదలవగానే మంచం కింద దూరి చెవులు మూసుకుంటే మొండిఘటం అని కొట్టారు. రోజూ ఒకే పళ్ళెం కావాలని ఏడిస్తే పొగరన్నారు. కాలేజీలో ఎవరి కళ్ళల్లోకీ చూడనని గర్వమన్నారు. పెద్దయ్యాక నలుగురిలో ఎలా నవ్వాలో అద్దం ముందు నేర్చుకున్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో మీటింగ్ అయిపోగానే కారులో కూర్చుని కాసేపు కళ్ళు మూసుకోకుండా ఒక్క రోజు గడవలేదు. ఆ డాక్టర్ చెప్పాక పరీక్షలన్నీ చేయించుకున్నాను. అవినాష్ విని, "అందుకేనా మనింట్లో ట్యూబ్‌లైట్ వెయ్యనివ్వవు!" అని నవ్వి, టీ పెట్టి తెచ్చాడు. సంహిత, "వెల్‌కమ్ అమ్మా," అంది.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా తేలికైంది. భయం మాత్రం వేసింది. ఆఫీస్‌లో తెలిస్తే ఏమంటారో, గ్రీన్ కార్డు ఇంకా రాలేదు కదా అని. అన్నిటికంటే మీరేమంటారో అని. అమ్మ ఇన్నేళ్ళూ బంధువులందరి దగ్గరా, "మా వైపు ఇలాంటివి లేవు, ఇది అల్లుడి వైపునుంచి వచ్చింది," అంటూనే ఉంది. అవినాష్ ఒక్కనాడూ మారు మాట్లాడలేదు. ఇళ్ళల్లో తరతరాలుగా వస్తుండటం మామూలేనట, డాక్టర్ చెప్పింది. కాబట్టి మన వైపే పిన్నీ! గట్టిగా చెబుతున్నాను, మన వైపే. నాకేం సిగ్గుగా లేదు. అవినాష్ ఇన్నేళ్ళూ మోసిన నిందకి మీరందరూ సిగ్గుపడాలి.

మీ చిట్టిబాబు పెద్దవాడైతే ఇలా ఉండొచ్చు. ఉద్యోగం చేస్తాడు, పెళ్ళి చేసుకోవచ్చు, చేసుకోకపోవచ్చు. మాట వచ్చేవాడైతే మాటతో, రానివాడైతే ఇంకోలా, తనకేం కావాలో చెబుతాడు, అడిగేవాళ్ళుంటే. వ్రతం రోజున వాడికి నయం చెయ్యకు. వెనక మోగించే ఆ బ్యాండుమేళం మ్యూజిక్ ఆపించి, వాళ్ళక్కని వాడి పక్కన కూర్చోబెట్టి, ఒక్క ప్రశ్న అడిగించు. ఆ సీన్ రాస్తానంటే సంహిత నీతో మాట్లాడుతుందట. తనే చెప్పమంది. కానీ నువ్వు రాసింది చదివి, తప్పుంటే తప్పని మొహంమీదే చెబుతుందట. అది చెప్పినట్టే చేస్తుంది, నీకు హెచ్చరిక.

కోపం తెచ్చుకున్నా ఫరవాలేదు, నాతో మాట్లాడటం మానొద్దు. నువ్వంటే నాకు ప్రాణమని నీకు తెలుసు. అందుకే ఛానల్‌కి కాకుండా నీకు రాస్తున్నాను.

ఈ కాగితాలు ఫోన్‌లో దాచిపెట్టుకోకు. రేపు స్టోరీ సిట్టింగ్‌లో డైరెక్టరూ ఛానల్‌వాళ్ళూ అందరూ ఉన్నప్పుడు పైకి చదువు. నా పేరు మార్చొద్దు, మా ఊరి పేరు మార్చొద్దు. అమ్మకి ఎల్లుండి నేనే ఫోన్ చేసి, తడబడినా సరే, నా నోటితోనే చెబుతాను. ఏడుస్తుంది. ఏడ్చి, "ఎవరికీ చెప్పకే," అంటుంది. ఆ మాట అనేసరికే ఊరంతా తెలిసిపోయి ఉండాలి పిన్నీ, ఆ పని నీది.

ఇట్లు,
తలెత్తుకునే సంతకం పెడుతున్న
నీ అక్క కూతురు,
నమ్రత.