నా కోసం కొట్టిన గడ్డి మందు

బుధవారం, మిర్యాలగూడ

ఈరోజు గరిడేపల్లి వెళ్లేసరికి సైదులు పొలం గట్టు పొడవునా నీరుగొబ్బి మాడిపోయి ఉంది. ఊదా పూలు ముళ్ల మధ్యే ముడుచుకుపోయాయి. గింజ ముదిరితే తెచ్చుకుందామని వానాకాలం నుంచీ వెళ్లి చూసుకుంటున్న మొక్కలు. ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా నాకు దొరకలేదు.

సైదులు ముఖమంతా నవ్వుతో ఎదురొచ్చాడు.

"మేడం, మీరు ఆ ముళ్లల్ల నడవలేక పరేషాన్ అయితున్నరని గట్టంత గడ్డి మందు కొట్టిచ్చిన. ఇగ పామున్నా కనవడ్తది. మంచిగ నడువుండ్రి."

ఆ ఊళ్లో నన్ను గడ్డి మేడం అంటారు. గడ్డి మీద పరిశోధన అంటే దాన్ని ఎట్లా చంపాలో చూడటానికే వస్తున్నానని అనుకున్నారట! పొలం గట్టున ఇంకే పని మీద వస్తారు ఎవరైనా?

"థాంక్స్ అన్నా" అన్నాను. ఇంకేమనాలి? ఆయన తెప్పించిన చాయ్ కూడా తాగాను.

కోపం రావాలి కదా, రాలేదు. బస్సు కోసం నేరేడుచర్ల వచ్చే షేర్ ఆటోలో మాత్రం ఏడుపొచ్చింది. పక్కనున్నామె కంట్లో దుమ్ము పడిందనుకుని కొంగు అందించింది.

మాడిన కొమ్మొకటి తెచ్చి పాత పేపర్ల మధ్య ఒత్తి దాచాను. కాలేజీలో తోటి లెక్చరర్లకు చెబితే, గడ్డి కోసం ఇంత బాధా అని నవ్వుతారు. ఇంట్లో చెప్పడానికి ఎవరూ లేరు.

దేశవాళీ మొక్కలంటూ ఇన్నేళ్లు ఎన్ని గట్లు తిరిగానో. నా కాళ్లకు ముళ్లు గుచ్చుకుంటాయని ఆలోచించిన మనిషి మాత్రం సైదులు ఒక్కడే.