బావి ఏ వీధికి

మాచర్ల, మంగళవారం. 1946 ఎండాకాలం.

పంచాయతీ బోర్డు దగ్గర ఒక్క బావికే డబ్బుంది. అది మా వీధిలోనే తవ్విస్తానని కోడలికి మాటిచ్చి మీటింగుకు వెళ్లాను. క్రైస్తవుల పేట మెంబరు టీచరమ్మ ఓటుకు ముందు మా మెంబర్లందరికీ తలో బిందె ఇచ్చి, చంద్రవంక వాగు నుంచి పేట దాకా ఎండలో నీళ్లు మోయించింది. నేను దారిలోనే కూలబడ్డాను.

"ఏంది పెద్దాయనా, ఇంకా సగం దూరముంది. మా ఆడోళ్లు రోజూ మోస్తారు" అంది.

"చానా గట్టిదానివమ్మా" అన్నాను.

బావి పేటకేనని ముందు చెయ్యెత్తింది నేనే. మాలాంటి మొండివాళ్లను ఇంత దూరం నడిపించిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఇంటికొచ్చి చెబితే కోడలు బిందె తెచ్చి నా ముందు పెట్టింది.

"మోయటం వచ్చిందిగా మామయ్యా, రేపటి నుంచి మన నీళ్లూ మీరే తేండి."

అయినా మళ్లీ ఓటడిగితే నా చెయ్యి పేటకే లేస్తుంది. నడుము సంగతే తెలియదు...