పై చక్రం వెనక వాషరు

నాకు డెబ్బై ఒకటో ఏడు నడుస్తోంది. బుద్ధి స్థిరంగా ఉంది, చెయ్యి వణకడం లేదు, పక్కన కూర్చుని ఎవరూ రాయించడం లేదు. డాక్టరు ఇచ్చిన కాగితం జత చేశాను. ఇంతకుముందు రాసిన వీలునామాను దీంతో రద్దు చేస్తున్నాను. ముప్పై నాలుగేళ్లు పత్రికలో విలేఖరిగా పనిచేశాను. జరిగింది జరిగినట్టు రాస్తానని పేరు. ఐదో అంశం చదివాక ఆ పేరు ఉంచాలో తీసెయ్యాలో మీ ఇష్టం.

1. దీన్ని అమలు చేసే బాధ్యత మా వకీలుది. నేను కోర్టు వార్తలు రాసే రోజుల నుంచీ పరిచయం. వాయిదాలకు ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేవాడు. దీనికి తొందరేమీ లేదు.

2. నేనుంటున్న ఇల్లు, పెరట్లోని రేకుల షెడ్డుతో సహా, నా తమ్ముడి కూతురికి చెందాలి. నాకు పిల్లల్లేరు. నాలుగేళ్లుగా ఆమె ఆ షెడ్డులోనే కుర్చీలు చేస్తోంది. వంటింటి కిటికీ రెక్క సరిగా పడటం లేదని వచ్చినప్పుడల్లా చెబుతున్నాను, "చూద్దాంలే అత్తా" అంటోంది. ఇక అది ఆమె కిటికీ.

3. పెద్ద నిఘంటువు నాతో డెస్కులో పనిచేసిన సబ్ ఎడిటరుకు ఇవ్వాలి. ఆయన్ని అందరూ కత్తెర అనేవాళ్లం. నా వార్తల్లో చివరి పేరా ఎప్పుడూ కోసేవాడు. చాలాసార్లు కోసిందే నయం. ఈ మాట ఎదురుగా చెప్పలేదు.

4. షెడ్డులోని బ్యాండ్ సా కూడా మేనకోడలికే. పోత ఇనుముతో చేసిన పాత మిషన్. పైనొకటి, కిందొకటి రెండు పెద్ద చక్రాలు. వాటి మీద పట్టీలాంటి రంపం తిరుగుతుంది. మూతపడిన కుర్చీల ఫ్యాక్టరీ నుంచి పదకొండేళ్ల క్రితం నేనూ తమ్ముడూ లారీలో తెచ్చాం. దాన్ని ఆమె ఇలా చూసుకోవాలి. పని అయ్యాక రంపం బిగువు వదలాలి, లేకపోతే చక్రాల మీది రబ్బరు గుంటలు పడుతుంది. రంపానికీ, అది పక్కకు జరగకుండా ఆపే గైడుకూ మధ్య ఒక న్యూస్‌ప్రింట్ కాగితం పట్టేంత సందు చాలు. చక్రాల తలుపులు తెరిచి ఉండగా స్విచ్ వెయ్యకూడదు. అమ్మేయాలనుకుంటే అమ్ముకోవచ్చు. కానీ పై చక్రం వెనక ఉన్న ఇత్తడి వాషరు తియ్యొద్దని కొన్నవాళ్లకు చెప్పాలి.

5. ఆ వాషరు గురించి.

మిషన్ తెచ్చిన వారం దాన్ని పూర్తిగా విప్పాం. తమ్ముడు వడ్రంగి. విప్పిన ప్రతి భాగాన్నీ విప్పిన వరసలోనే పాత న్యూస్‌పేపర్ల మీద పరిచి, పక్కన పెన్సిల్‌తో అంకె వేశాడు. తుప్పు వదిలించడం నా పని. మిషన్‌తో వచ్చిన పాత పుస్తకంలో బొమ్మ ఉంది. నేను ఆ బొమ్మ చూసుకుంటూ కిరోసిన్‌తో తుడిచాను. పై చక్రం భాగాల్లో, గ్రీజులో అతుక్కుని, పల్చటి ఇత్తడి వాషరు ఒకటి దొరికింది. బొమ్మలో లేదు. అచ్చులో లేనిది అదనం అనుకున్నాను. తమ్ముణ్ణి అడగలేదు. తుక్కు డబ్బాలో వేశాను.

బిగించాక రంపం చక్రం మీద నిలవలేదు. "పై చక్రం లోపలికి ఉందక్కా, ఏదో తగ్గింది" అన్నాడు. "పుస్తకంలో ఉన్నవన్నీ పెట్టాం. నీ చేతిలోనే తేడా" అన్నాను. మూడో రోజు చక్రాల తలుపు తెరిచి పై చక్రం వంపు సరిచేస్తున్నాడు. "ఇంకాసేపు చేత్తో తిప్పి చూద్దాం" అన్నాడు. "పొద్దున్నుంచీ తిప్పుతూనే ఉన్నాంగా" అని నేను స్విచ్ వేశాను. రంపం జారి అతని కుడి అరచేతిని కోసింది. రెండు వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు.

ఆసుపత్రి వరండాలో మరదలు ఏడుస్తూ, ఎలా జరిగిందని అడిగింది. "వాడికి తొందరెక్కువ, సరిగా బిగించలేదు" అన్నాను. స్విచ్ సంగతి చెప్పలేదు. మందుల మత్తు దిగాక తమ్ముడికి ఆ రెండు నిమిషాలు గుర్తు లేవు. నా మాటే నమ్మాడు. ఉలి మళ్లీ పట్టలేదు. తలుపుల షాపులో కౌంటర్ వెనక నిలబడి టేపుతో కొలతలు తీసుకుంటాడు. "నేనేలే, తొందర మనిషిని" అని తన మీద తానే జోకులు వేసుకుంటాడు. నేను నవ్వాను కూడా.

మిషన్ తొమ్మిదేళ్లు టార్పాలిన్ కింద ఉంది. రెండేళ్ల క్రితం ఒక స్క్రూ కోసం తుక్కు డబ్బా బోర్లిస్తే వాషరు బయటపడింది. రెండు చక్రాల అంచులకు స్కేలు ఆనించి చూశాను. పై చక్రం ఒకటిన్నర మిల్లీమీటర్లు లోపలికి ఉంది. వాషరు మందం ఒకటిన్నర. వేసి బిగించాను. రంపం చక్రం నడిమధ్యన నిలిచి తిరిగింది. "ఎలా బాగైందత్తా?" అని మేనకోడలు అడిగితే, నూనె వేశానన్నాను.

పత్రికలో తప్పు వస్తే సవరణ వేస్తాం. తప్పు ఏ పేజీలో వచ్చిందో సవరణ కూడా అక్కడే రావాలని డెస్కులో నేనే గొడవపడేదాన్ని. తప్పు మా ఇంట్లో వేశాను. సవరణ ఇది: తమ్ముడు సరిగానే బిగించాడు. వాషరు తీసింది నేను. స్విచ్ వేసింది నేను.

6. తమ్ముడికి ఈ వీలునామాలో ఏమీ రాయలేదు. సాక్షి సంతకం పెట్టేవాళ్లకు గానీ, వాళ్ల భార్యకు గానీ ఆస్తి రాస్తే చెల్లదని వకీలు చెప్పాడు. ముందటి వీలునామాలో సగం ఇల్లు అతని పేరే. కానీ ఆస్తి రాస్తే నేను పోయాకే ఇది చదువుతాడు. సాక్షిగా పెడితే ఇవాళే చదువుతాడు. సాక్షి లోపలి విషయం చదవనక్కర్లేదని వకీలు అన్నాడు. చదివాకే సంతకం పెట్టాలని నేనన్నాను. ఇల్లు అతని కూతురికే పోతోంది కాబట్టి నష్టమేమీ లేదు. మరదలికి ఇవ్వాలనుకున్న కుట్టుమిషన్ రేపే పంపుతున్నాను. ఆమె తీసుకోకపోతే అది కూడా సబబే.

7. నా కళ్లద్దాలు, పెన్నులు ఎవరికి పనికొస్తే వాళ్లకు.

తేదీ: 2024 మార్చి 14, గురువారం.

సంతకం: రిటైర్డ్ విలేఖరి, పైన చెప్పినవారికి అక్కో, వదినో, అత్తో, సహోద్యోగో.

మొదటి సాక్షి: పక్కింటి లెక్కల టీచరు. ఈమె నా ఎదుట సంతకం చేశారు.

రెండవ సాక్షి: తమ్ముడు. అక్క నా ఎదుట సంతకం చేసింది. అక్కా, నువ్వు చదివాకే అన్నావు కాబట్టి చదివాను, రెండుసార్లు. కోపం వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. మా ఆవిడకి నేనే చెప్తా, నువ్వు ఫోన్ చెయ్యకు. ఇందాకట్నుంచీ షెడ్డులో మిషన్ నడుస్తోంది కదా, కింది చక్రం బేరింగు గరగరమంటోంది, ఇక్కడికే వినపడుతోంది. పిల్లని ఆపెయ్యమన్నాను. ఆదివారం పొద్దున్నే వస్తా. ఎడమ చేత్తో పట్టుకుంటే స్పానరు తిరగకపోదు. అప్పటిదాకా నువ్వు మాత్రం ఏమీ విప్పకు.