విప్పని రుమాలు

గోదావరిఖని,
11 జూలై 1972.
పొద్దుటి నుంచి ముసురు. తలాషీ గది ముందు బురదలో బూడిద చల్లాను.

తమ్ముడు దేవదానానికి,

ప్రభువు దయ వల్ల నేను, మీ వదిన, అవ్వ కులాసా. నీకూ అట్లాగే జరుగుతున్నదని నమ్ముతున్నాను. అవ్వ చూపు సంగతి అడిగావు. మందు వేస్తున్నాం, సూదిలో దారం తనే ఎక్కించుకుంటున్నది.

బైబిలు బడిలో మీ అయ్యగారు చెప్పింది రాశావు. తప్పు చేయగలనని తెలిసినప్పుడు మనిషికి లోయ అంచున నిలబడ్డట్టు కళ్లు తిరుగుతాయని, అయినా దూకేది తనేనని, పాపం అట్లా మొదలవుతుందని. నాకు ఈ మాట మీద అనుమానం. తలాషీలో దొరికినవాడు కళ్లు తిరిగాయంటే మా మీది సర్దారు ఒప్పుకుంటాడా?

అయితే ఈ రోజు జరిగింది విను. బొగ్గు బాయిలో గ్యాసు ఉంటుంది కనుక, దిగే ప్రతి మనిషినీ "బీడీ, అగ్గిపెట్టె ఉన్నయా?" అని అడిగి, తడిమి తలాషీ చేయడం నా డ్యూటీ. మన సారవ్వ పెనిమిటి మొగిలి జేబులో అగ్గిపెట్టె దొరికింది.

"ఇదేంది మొగిలీ? నువ్వు బీడీ గూడ తాగవు గదా."

"తాగ బావ. రోజు నువ్వు అడుగుతవు, నేను లేదంట. ఉంటె ఎట్లుంటదో అనిపించింది."

"ఉంటె గ్యాసు అంటుకొని బాయి లేస్తది. అందరు పోతరు."

"ఎరికె బావ. తీస్కపోవచ్చు అని తెలిసినంక చెయ్యి ఆగలే." నవ్వబోయి మానుకున్నాడు. "నా పేరు రాస్తవా? నౌకరి పోతది. నీ చెల్లె ముఖం జూడు."

రాయలేదు. పెట్టె నా జేబులో వేసుకున్నాను. అతను దిగాడు.

అడిగి అడిగి ఆశ పుట్టించింది నేనేనా అని నా మీదనే అనుమానం వచ్చింది. కాదు. అదే మాట అందరినీ అడిగాను. తెచ్చింది అతనొక్కడే.

ఇంతసేపూ ఒకటి రాయకుండా దాటవేశాను. చేతికి రాగానే పెట్టె తేలికగా తోచింది. మొగిలి నెత్తి రుమాలుకు ఒక కొసన ముడి కొత్తగా కనిపించింది. విప్పుమందామని చెయ్యి ఎత్తాను. విప్పితే దొరుకుతుందేమోనని దించుకున్నాను. ఇప్పుడు పెట్టె తెరిచాను. పుల్లలు లేవు. గీసే పక్క ఒకటి చింపి ఉంది. రెండూ ఆ ముడిలోనే బాయి దిగి ఉంటాయి.

కళ్లు తిరిగిన మాట నిజమే తమ్ముడూ. కాని నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. దించింది నేనే.

షిఫ్టు ఇంకా లోపలే ఉంది. అందరినీ పైకి పిలిపించడానికి పోతున్నాను. షిఫ్టు మీది అధికారి ఓవర్‌మన్‌కు ముందు నా పేరు చెబుతాను, తర్వాత మొగిలి పేరు. సారవ్వ నాతో మాట్లాడదు. ఆమెతో నువ్వు మాట్లాడు.

ఇట్లు,
నీ అన్న
సదయ్య