బుద్రమ్మ ఉప్పు

శుక్రవారం, రాత్రి

టూరు బస్సుల ఏజెంటు ఈ వారం కూడా డబ్బులు వెయ్యలేదు. ఫోన్ చేస్తే "నెలాఖరుకి పక్కా మేడమ్" అంటాడు. అతని జనం మా హోటల్లో తిన్న బొంగు చికెన్ ఎప్పుడో అరిగిపోయింది. రేపు మళ్లీ రెండు బస్సులు పంపుతున్నాడు. వద్దంటే పాత బాకీ కూడా ఎగ్గొడతాడు.

చేతిలో ఉన్నది గ్యాసుకే అయిపోయింది. అయినా కోళ్ల కోసం సంతకి వెళ్లాను. హుకుంపేట కొండల నుంచి వచ్చే బుద్రమ్మ ఎప్పుడూ అరువివ్వదు. కోళ్లమ్మిన డబ్బుతోనే వారానికి సరిపడా ఉప్పూ నూనే కొనుక్కుని జీపెక్కుతుంది. అడగడానికి నాకు నోరు రాలేదు. తనే నా మొహం చూసి, "ఏటమ్మా, అలాగున్నావేటి? పట్టుకెల్లు, పైవారం ఇద్దువుగాని" అంది.

వద్దనాల్సింది. ఆరు కోళ్లూ తీసుకున్నాను.

ఆటోలో పెడుతూ వెనక్కి చూస్తే, కోళ్లమ్మాక డబ్బిస్తానని పొద్దున్నే గంపలో పెట్టుకున్న ఉప్పు పేకెట్లు కొట్టువాడికి తిరిగి ఇచ్చేస్తోంది. పిలుద్దామనుకున్నాను. పిలిచి ఏమివ్వను? కోళ్లు వెనక్కిస్తే రేపు బస్సులకేం పెట్టను?

ఇంటికొచ్చి చూస్తే వంటింట్లో ఉప్పు బస్తా నిండుగా ఉంది. అప్పుడెందుకు గుర్తు రాలేదో. ఆమె జీపు అప్పటికే కొండెక్కేసి ఉంటుంది.