వెన్నెల పల్లెలో దారి

2000 మార్చి 6
ఈ పరాయి దేశంలో ఇంకో కొత్త ప్రాజెక్ట్. పాత యూరప్ పెయింటింగ్‌ల కాపీలు ఆన్‌లైన్‌లో అమ్మే సైట్. అందులో తప్పులు, అంటే బగ్‌లు, పట్టే టెస్టింగ్ నాది. బొమ్మలు చూసినందుకు జీతమిస్తారంటే నందిత నమ్మడం లేదు. నా భార్య ఏదీ ఓ పట్టాన నమ్మదు.

మార్చి 9
ఈ రోజు బొమ్మ పేరు ‘వెన్నెల్లో పల్లె’. పందొమ్మిదో శతాబ్దం చివరిదట. పైన చందమామ, మబ్బులు బాగున్నాయి. కింది సగం ఉత్త నలుపు. ఇమేజ్ పూర్తిగా లోడ్ కావడం లేదని బగ్ రాశాను.

మార్చి 10
డెవలపర్ రంగనాథ్ బగ్ మూసేశాడు. తన దగ్గర బాగానే వస్తోందట. డెవలపర్లందరూ పాడే పాటే. మళ్ళీ తెరిచాను.

మార్చి 14, సాయంత్రం
మళ్ళీ మూశాడు. ఒళ్ళు మండి అతని సీటు దగ్గరికే వెళ్ళాను. రంగనాథ్ స్క్రీన్ మీద వేలు పెట్టి ఓపిగ్గా చెప్పుకుంటూ పోయాడు. ఇదిగో బురద దారి, ఇవిగో గడ్డి ఇళ్ళు, ఇదిగో గంప ఎత్తుకున్న ముసలావిడ. నాకు అతని వేలు తప్ప ఏమీ కనబడలేదు. పక్క సీటు అమ్మాయి గంపలో ఏముందో కూడా చెప్పింది. సరే, మూసెయ్యమన్నాను.

సినిమా హాల్లో ఎప్పుడూ నందిత చెయ్యి పట్టుకునే నడుస్తాను. ప్రేమ అనుకుంటుంది. నేనూ అదే అనుకున్నాను.

ఏప్రిల్ 3
కంటి డాక్టర్. రెటీనా మెల్లగా చచ్చిపోతోందట. ముందు చీకట్లో చూపు, తర్వాత పక్క చూపు, ఆఖరికి మొత్తం. మందు లేదు, ఆపరేషనూ లేదు. మా ఇంట్లో దగ్గరి బంధువుల మధ్య పెళ్ళిళ్ళు ఉన్నాయా అని అడిగాడు. అమ్మానాన్నా బావామరదళ్ళే అన్నాను. నా భార్య సంగతి అడిగాడు. మేనమామ కూతురే. ఆ చైనీస్ డాక్టరుకు మేనరికమంటే ఏమిటో ఇంగ్లీషులో వివరించాను, కాస్త గొప్పగానే. ఆయన రాయడం ఆపేశాడు. మా పాపను కూడా తీసుకురమ్మన్నాడు.

ఏప్రిల్ 4
తీసుకెళ్ళలేదు.

ఏప్రిల్ 19
మా ఆఫీసు బిల్డింగంతా కొత్త కంపెనీలే. లిఫ్టులో రేపటి గురించి తప్ప ఎవరూ మాట్లాడరు. నందితకు ఇంకా చెప్పలేదు. చెబితే మొదట పాప గురించే అడుగుతుంది. భయంగా ఉంది. నా కళ్ళ గురించి కాదు.

మే 7
పాప సరయుకు ఏడేళ్ళు నిండాయి. ఫ్లాట్ నిండా జనం. లైట్లు ఆర్పారు. పాప కొవ్వొత్తులు ఊది, లైటు తనే వేస్తానంది. నేనూ లేచి స్విచ్ కోసం గోడ తడిమాను. గోడ మీద తడుముతున్న ఇంకో చెయ్యి తగిలింది. చిన్నది. కారిడార్ లోంచి బోలెడు వెలుతురు వస్తుంటే తండ్రీ కూతుళ్ళు ఏం వెతుకుతున్నారని నందిత నవ్వింది.